మా పేట మెడికల్ షాపులో కరోనా టెస్టు, టీకా ఎందుకు పెట్టకూడదు? పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అధికారులకు, గజపతి జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్యాధికారి గారికి, మా ఊరి మెడికల్ షాపుల యజమానులకు నమస్కారాలు.

నేను పర్లాకిమిడిలో జెరాక్స్ కొట్టు నడుపుతున్నాను. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, ఫోటోలు తీయడం, కాగితాలు లామినేషన్ చేయడం నా పని. నా కొట్టుకీ పక్కనున్న మెడికల్ షాపుకీ మధ్య ఒకటే గోడ. పొద్దున్న ఎనిమిదికి రెండు షట్టర్లూ లేస్తాయి, రాత్రి తొమ్మిదిన్నరకి దిగుతాయి. పేటలో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి షుగర్ పెరిగింది, ఎవరింట్లో పసిపిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి అన్నది డాక్టరు కంటే ముందు ఆ కౌంటరు దగ్గర తెలుస్తుంది. అక్కడ తెలిసింది కాసేపటికి నాకూ తెలుస్తుంది.

ఈ ఉత్తరం ఒడియాలో కూడా రాయించి కలెక్టరేట్‌లో ఇస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, అడుగుతున్నది మా పేట వాళ్ల కోసం. వాళ్లు చదవాలి, సరే అనాలి, తప్పుంటే తప్పని చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మహేంద్రతనయ ఏటికి అవతల పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. ఇప్పటికీ సగం చుట్టాలు అటు, సగం ఇటు. కరోనా ఆ ఏరు దాటడానికి ఎవరి పర్మిషనూ అడగలేదు. మాకు మాత్రం దాటాలంటే బారికేడ్లు అడ్డొచ్చాయి.

నేను అడిగేది ఒక్కటే. చదువుకున్న ఫార్మసిస్టు నిజంగా కూర్చునే మెడికల్ షాపులో కరోనా టెస్టు చేయించుకునే వీలు కల్పించండి. వారానికో రోజు, లేదా పది రోజులకోసారి, అదే షాపు దగ్గర నర్సమ్మ చేత టీకా వేయించండి. మహమ్మారి ముంచుకొచ్చాక ఆర్డర్లు తీస్తే అందదని మాకు ఒకసారి తెలిసొచ్చింది. అందుకే ఊరు ప్రశాంతంగా ఉన్న ఈ రోజుల్లోనే అడుగుతున్నాను.

మా పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడ బస్టాండు దారిలో ఇడ్లీ బండి పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన అందరికీ టీకా అన్నారు. అప్పటికి పిన్నికి యాభై ఏడు. రెండుసార్లు బండి మూసుకుని ఆస్పత్రికి వెళ్లింది. మొదటిసారి స్టాక్ అయిపోయింది. రెండోసారి ఆవిడ వెళ్లేసరికి టోకెన్లు అయిపోయాయి. ఇడ్లీ అమ్ముడయ్యేదీ పొద్దున్నే, టీకా వేసేదీ పొద్దున్నే. "మూడో రోజు కూడా బండి తియ్యకపోతే పప్పు బాకీ ఎవరు తీరుస్తారురా?" అంది. మళ్లీ వెళ్దాంలే అనుకుంది. ఆ తర్వాత లాక్‌డౌన్ పెట్టారు.

మే రెండో వారంలో జ్వరం వచ్చింది. పిన్ని ఎక్కడికి వెళ్తుంది? మెడికల్ షాపుకే వెళ్లింది. పారాసిటమాల్, అజిత్రోమైసిన్ తీసుకుంది. మూడో రోజు మళ్లీ వచ్చింది, దగ్గుకి సిరప్ అడిగింది. "టెస్టు చేయించుకో పిన్నీ" అని నేనూ చెప్పాను, షాపులో అబ్బాయీ చెప్పాడు. లైన్లో నిలబడలేనంది. పాజిటివ్ వస్తే తీసుకెళ్లిపోతారేమోనని భయపడింది. ఇంటికి కాగితం అంటిస్తే రేపు ఇడ్లీలు ఎవరు కొంటారు అని కూడా అంది. ఆ భయాన్ని తీసిపారేయలేను, అప్పట్లో మా వీధిలో అందరికీ అదే భయం. ఆరో రోజు ఆయాసం మొదలయ్యాక ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వేలికి ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 84 చూపించింది, 94కి తగ్గకూడనిది. ర్యాపిడ్ టెస్టు పావుగంటలో పాజిటివ్ వచ్చింది. బరంపురం పంపించారు. మూడో రోజు ఫోను వచ్చింది.

ఆస్పత్రి వాళ్లని నేను ఒక్క మాట అనను. ఆ రోజుల్లో వాళ్లు ఎలా పనిచేశారో కళ్లారా చూశాను. ఆ ఆరు రోజుల గురించే నా బాధంతా. ఆ ఆరు రోజుల్లో పిన్ని నాలుగుసార్లు ఒక ఫార్మసిస్టు ఎదురుగా నిలబడింది. ఆయన ఫార్మసీ చదివినవాడు, రిజిస్ట్రేషన్ ఉన్నవాడు, ఆవిడకి షుగర్ ఉందనీ ఏ మాత్రలు వాడుతుందనీ తెలిసినవాడు. ఆయన చేతిలో పావుగంట టెస్టు మాత్రం లేదు. తర్వాత చాలా రోజులకి, షట్టరు దించుతూ నాతో అన్నాడు: "అన్నయ్యా, ఆ టెస్టేదో నా దగ్గరే ఉండి ఉంటే మొదటి రోజే చెప్పేవాణ్ని కదా." నేను ఏమీ అనలేకపోయాను.

జ్వరం వచ్చినవాళ్లు మొదట మెడికల్ షాపుకే వస్తారన్న సంగతి ప్రభుత్వాలకి తెలియనిది కాదు. 2020 ఏప్రిల్‌లోనే ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒక ఆదేశం వచ్చింది. జ్వరం, దగ్గు, జలుబు మందులు కొనేవాళ్ల పేరు, ఫోను నంబరు రాసుకోమని మెడికల్ షాపులకి చెప్పారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు ముంబయి కార్పొరేషన్ వాళ్లు, సెల్ఫ్ టెస్టు కిట్లు ఎవరికి అమ్మారో లెక్క పంపమన్నారు. అంటే జబ్బు జాడ మొదట దొరికేది ఆ కౌంటరు దగ్గరేనని ఒప్పుకున్నట్టే. మరి పేరు రాసుకోవడానికి పనికొచ్చిన కౌంటరు, ముక్కులో పుల్ల పెట్టి చూసి "అమ్మా, నీకు కరోనా ఉంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యి, రోజూ ఆక్సిజన్ చూసుకో, స్టెరాయిడ్ మాత్ర నీ అంతట నువ్వు వేసుకోకు" అని చెప్పడానికి ఎందుకు పనికిరాదు?

ఈ పని చేసిన దేశాలున్నాయి. మా పెదనాన్న గారి మనవరాలు అమెరికాలో ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో ఫోన్ చేసి, సబ్బులూ షాంపూలూ అమ్మే మెడికల్ షాపులోనే వెనకవైపు కుర్చీలో కూర్చోబెట్టి టీకా వేశారని చెప్పింది. నేను ముందు నమ్మలేదు, ఏదో పెద్ద ఆస్పత్రి వాళ్ల షాపేమో అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టులు ఎప్పటినుంచో ఫ్లూ టీకాలు వేస్తున్నారు. కాబట్టి 2020 ఏప్రిల్‌లో కరోనా టెస్టులు చేయడానికి వాళ్లకి అనుమతి ఇవ్వడం, 2021 ఫిబ్రవరి 11 నుంచి సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ లాంటి షాపులకి కేంద్ర ప్రభుత్వమే నేరుగా టీకాలు పంపడం తేలికయ్యాయి. డబ్బు తీసుకోలేదు. వేశాక పావుగంట కూర్చోమని, కార్డు మీద రాసిచ్చి పంపారు. బ్రిటన్‌లో కూడా 2021 జనవరి నుంచి మెడికల్ షాపుల్లో టీకాలు మొదలయ్యాయి. మనం అమెరికా కాదని నాకూ తెలుసు. వాళ్ల ఫార్మసిస్టు చదువు వేరు, చట్టం వేరు. అయినా ఒక మెడికల్ షాపు ఏమేం చేయగలదో అక్కడ తేలింది కదా.

మన దగ్గర ఏం జరిగింది? 2022 జనవరి 27న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లకి మార్కెట్ అనుమతి వచ్చింది. ఆ వార్త చూసి నా పక్క షాపు ఫార్మసిస్టు ఎంత సంబరపడ్డాడో! సాయంత్రానికే వివరం తెలిసింది. ఆస్పత్రులు, క్లినిక్‌లు కొనుక్కోవచ్చట, మెడికల్ షాపుల్లో మాత్రం దొరకదట. ఏప్రిల్ 10 నుంచి 18 దాటినవాళ్లకి బూస్టర్ డోసు అన్నారు, అది ప్రైవేటు కేంద్రాల్లో. డోసు 225, సర్వీస్ చార్జీ 150 దాకా. సరే, డబ్బు పెట్టుకునే వాళ్లయినా పెట్టుకుంటారనుకున్నాం. ఆ వారాల్లో నా కంప్యూటర్‌లో మా పిన్‌కోడ్ కొట్టి ఎన్నిసార్లు వెతికానో! మా ఊళ్లో వేసే చోటు నాకు ఒక్కటీ కనబడలేదు. కొందరు అటు శ్రీకాకుళం వెళ్లారు, కొందరు బరంపురం వెళ్లారు. చాలామంది మానేశారు.

కోవిన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ వెబ్‌సైటులో నేను పగలూ రాత్రీ గడిపాను. 2021 మే నెలలో 18 దాటినవాళ్లకి స్లాట్ బుక్ చేసుకుంటేనే టీకా. అది మొదట ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగు, ఒడియా జూన్‌లో వచ్చాయి. ఓటీపీ కొట్టేలోగా స్లాట్లు అయిపోయేవి. నా కొట్టు ముందు మనుషులు ఫోన్లు పట్టుకుని నిలబడేవారు, "వచ్చిందేటి బాబూ?" అని ఐదు నిమిషాలకోసారి అడిగేవారు. దొరికితే ఆ స్లాటు ఎక్కడో మోహనలోనో, ఆర్.ఉదయగిరిలోనో ఉండేది. కొండ దారి. బస్సుల్లేవు. ఆ స్లాట్లలో మా పేట కుర్రాళ్లు వెళ్లి వేయించుకొస్తే, మరి ఆ కొండ ఊళ్ల వాళ్ల వంతు ఏమైందో అని నాకు అప్పుడూ గుచ్చుకుంది, ఇప్పుడూ గుచ్చుకుంటుంది. ఒకరి దగ్గరా ఆ పనికి రూపాయి తీసుకోలేదు, కానీ ఆ తప్పులో నా వేళ్లు కూడా ఉన్నాయి. టీకా ఎవరి పేటలో వాళ్లకి దొరికితే ఇంటర్నెట్ ఉన్నవాడు లేనివాడి వంతు తీసుకునే పరిస్థితి రాదు.

ఇక టెస్టు కిట్ల సంగతి. పుణె కంపెనీ మైల్యాబ్ వాళ్ల కోవిసెల్ఫ్ కిట్‌కి 2021 మేలో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ అనుమతి ఇచ్చింది, ధర 250 రూపాయలు. ఒమిక్రాన్ నాటికి మా ఊళ్లోనూ దొరికింది. 2022 జనవరిలో, సంక్రాంతి దాటిన నాలుగు రోజులకి, మా వెనక వీధి అబ్బాయి కిట్ కొని నా కొట్టుకి తెచ్చాడు. వాళ్ల నాయనమ్మకి జ్వరం. డబ్బాలో కాగితం మీద చీమతలల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. యాప్ దించుకోవాలి, వివరాలన్నీ నింపాలి. "చదివి చెప్పండి మావయ్యా" అన్నాడు. నేను చదివి చెప్పగలను గానీ, ముక్కులో ఎంత లోపలికి పెట్టాలో నాకేం తెలుసు? గోడ పక్కనుంచి ఫార్మసిస్టుని పిలిచాను.

షాపు వెనకవైపు చిన్న వరండా ఉంది. కిటికీ తీసి ఫ్యాన్ పెట్టాం, మాస్కులు పెట్టుకున్నాం, ముసలావిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాం. ఫార్మసిస్టు గ్లవ్స్ వేసుకుని, పుల్లని ఒక ముక్కులో, తర్వాత రెండో ముక్కులో ఐదేసిసార్లు తిప్పాడు. ఆవిడకి తుమ్మొచ్చింది, అందరం వెనక్కి తగ్గాం. పుల్లని గొట్టంలో ముంచి, విరిచి, మూత పెట్టి, కార్డు మీద రెండు చుక్కలు వేశాడు. గోడ గడియారం చూసుకుంటూ కూర్చున్నాం. సి దగ్గర గీత గట్టిగా వచ్చింది, అంటే టెస్టు పనిచేసినట్టు. జబ్బుంటే గీత పడే టి దగ్గర చాలా లేతగా, ఉందా లేదా అన్నట్టు ఒక గీత. మనవడు అన్నాడు: "లైటుగా ఉంది కదా, లేనట్టేనా?"

ఫార్మసిస్టు తల అడ్డంగా ఊపాడు. "లేతగా ఉన్నా ఉన్నట్టే బాబూ. గీత ఎంత ముదురుగా ఉందన్నది చూడకూడదు, ఉందా లేదా అన్నదే చూడాలి." తర్వాత ఆవిడ వైపు తిరిగి, మా పేట తెలుగులో, చెవి దగ్గరకి వంగి, పది నిమిషాలు చెప్పాడు. బీపీ మాత్ర మానొద్దన్నాడు. పొద్దున్న, సాయంత్రం వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడాలన్నాడు, తన షాపులోదే ఇచ్చాడు. 94 కంటే తగ్గితే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యమన్నాడు. ఆస్పత్రికి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ బతికింది. మొన్న దసరాకి కూడా వాళ్లింటి నుంచి మాకు గారెలు వచ్చాయి.

అధికారులకి నా మనవి: నేను అడుగుతున్న టెస్టు ఇంతే. ఇందులో ఆస్పత్రికి పోటీ ఏమీ లేదు. మనిషి తన ఇంటి దగ్గర, తనకి తెలిసిన మనిషి దగ్గర, తన భాషలో, తొలి రోజే జబ్బు సంగతి తెలుసుకుంటాడు. ఆ రోజు మేం చేసిన పనికి ఏ ఆర్డరూ లేదు. ఫార్మసిస్టు చేయొచ్చా చేయకూడదా అన్నది ఆయనకే టెన్షన్. రిజల్టు ఎక్కడ రాయాలి, వాడిన పుల్ల ఏ సంచీలో వెయ్యాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఆయన మనసుకి తోచినట్టు చేశాడు. మంచివాడు కాబట్టి సరిగ్గా చేశాడు. అలా ఒక మనిషి మంచితనం మీద వదిలేయకుండా మీరు ఒక పద్ధతి పెట్టండి. నెగటివ్ వచ్చినా లక్షణాలుంటే ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ-పీసీఆర్ టెస్టు చేయించుకోవాలని ఐసీఎంఆర్ చెప్పింది. ఆ మాట కూడా కిట్ కొనుక్కుని ఇంటికి పోయినవాళ్లకి ఎవరు చెప్తారు? నెగటివ్ చూసి పెళ్లికి వెళ్లిపోయినవాళ్లని నేను ఎరుగుదును.

టీకా సంగతికి వస్తాను. 2022 జూలై 15 నుంచి సెప్టెంబరు 30 దాకా బూస్టర్ ఉచితం అన్నారు. అప్పటికి జనానికి భయం తగ్గిపోయింది. ఆస్పత్రిలో పొద్దున్న నుంచి నలుగురైదుగురు వచ్చేవారు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుంటాయి. ఒకసారి సీసా తెరిస్తే కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. కాబట్టి పది మంది పోగయితేనే తెరుస్తామనేవారు. వాళ్లని తప్పుపట్టలేం, వృథా చేస్తే వాళ్లకి లెక్క చెప్పుకోవాలి.

ఆగస్టులో ఒక సంత రోజు గుమ్మ వైపు నుంచి సవర గిరిజన దంపతులు వచ్చారు. పసుపు, చింతపండు అమ్ముకున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డులు. మెడికల్ షాపుకి వచ్చి, వచ్చీరాని తెలుగులో సూది వేస్తారా అని అడిగారు. సూది ఎక్కడ వేస్తారంటే వాళ్లకి మందుల కొట్టే గుర్తొచ్చింది. ఇక్కడ కాదు, ఆస్పత్రిలో అని దారి చూపించాం. గంటన్నర తర్వాత తిరిగొచ్చారు. వాళ్లతో కలిపి ఆరుగురే అయ్యారట. మర్నాడు రమ్మన్నారట. వాళ్లకి మర్నాడు రావడమంటే మళ్లీ జీపు చార్జీలు, ఒక రోజు పని పోవడం. ఆవిడ ఆ ఆధార్ కార్డుల్ని మళ్లీ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కొంగుకి ముడేసుకుంది. చివరి జీపు ఎక్కడానికి పరిగెత్తారు. వాళ్లు తర్వాత వేయించుకున్నారో లేదో నాకు తెలియదు.

ఆ రాత్రి నేనూ ఫార్మసిస్టూ కూర్చుని ఒక రూళ్ల నోటుబుక్కు తీశాం. టీకా కావాలన్నవాళ్ల పేరు, ఫోను, ఏ డోసు, ముందు ఏ టీకా వేసుకున్నారు, ఏ తారీఖున. మందులకి వచ్చినవాళ్లని ఆయన అడిగేవాడు, జెరాక్సుకి వచ్చినవాళ్లని నేను అడిగేవాణ్ని. వారంలో పది పేర్లయ్యాయి. మా వార్డు నర్సమ్మకి ఫోన్ చేశాం. "పది మంది ఖాయంగా ఉంటే నేనే వస్తాను, ఎక్కడ కూర్చోబెడతారు?" అంది. షాపు పక్కన రామమందిరం మండపం ఉంది. నీలం రంగు ఐస్ డబ్బా భుజానికి తగిలించుకుని సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అందరికీ వేసింది, అరగంట కూర్చోబెట్టింది, నేను కోవిన్‌లో ఎక్కించాను. మజ్జిగ పంచాం. ఒక్క డోసు వృథా కాలేదు. సాయంత్రం పెట్టాం కాబట్టి రోజు కూలీకి వెళ్లేవాళ్లు కూడా వచ్చారు. మా పిన్ని లాంటి వాళ్లు రావాలంటే వేళ కూడా వాళ్లకి కుదరాలని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇలా మూడు వారాలు జరిగింది. తర్వాత ఆ నర్సమ్మకి డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినావిడ, రాతపూర్వకంగా ఆర్డరు లేకుండా ఆస్పత్రి బయట ఎలా వేస్తానంది. న్యాయమే. ఏదైనా అయితే ఆవిడ ఉద్యోగానికే వస్తుంది. నాలుగో వారం ఆరు పేర్లు రాసి ఉన్నాయి, వాళ్లకి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లమని చెప్పాం. ఆ ఆర్డరే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక కాగితం.

ఇంటింటికీ వెళ్లడం, బస్టాండులో బూత్ పెట్టడం మీకు కొత్త కాదు. పోలియో చుక్కలు అలాగే వేశారు, 2014లో ఈ దేశం పోలియో లేని దేశమని పేరు తెచ్చుకుంది. 2021 నవంబరులో హర్ ఘర్ దస్తక్ అని కరోనా టీకాకి కూడా ఇల్లిల్లూ తిరిగారు. మన ఒడిశాలో మమతా దివస్ పేరుతో ఊరూరా బాలింతలకీ పిల్లలకీ ఆరోగ్య శిబిరం జరుగుతూనే ఉంది. ఆశా దీదీలు తల్లుల్నీ పిల్లల్నీ కంటికి రెప్పలా చూస్తున్నారు. పెద్దవాళ్లకి, ముఖ్యంగా షుగర్, బీపీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకి, అలాంటి చోటు ఏది? వాళ్లు నెల నెలా తప్పకుండా వెళ్లేది మెడికల్ షాపుకే. మాత్రలు అయిపోగానే వస్తారు. వాళ్ల వివరాలు అక్కడున్నాయి, నమ్మకం అక్కడుంది.

డాక్టర్లు అభ్యంతరం చెప్తారని తెలుసు. టీకా వేశాక ఎవరికైనా ఎలర్జీ వచ్చి పడిపోతే ఏం చేస్తారని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అది చాలా అరుదు, కానీ వస్తే నిమిషాల్లో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అందుకే మొదటి రోజు నుంచే ఫార్మసిస్టు చేతికి సూది ఇవ్వమని నేను అడగడం లేదు. ముందు నర్సమ్మే వేయాలి, ఎమర్జెన్సీ కిట్‌తో, దగ్గర్లో అంబులెన్సు చెప్పి ఉంచి. షాపు చేయాల్సింది పేర్లు పోగుచేయడం, చోటు చూపించడం, పాత మందుల సంగతి చెప్పడం, అరగంట కనిపెట్టుకుని ఉండడం. తర్వాత తర్వాత, శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకే వేసే అనుమతి ఇవ్వండి. ఫ్రిజ్ గురించి కూడా అడుగుతారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఇన్సులిన్ కూడా అంతే. మంచి షాపుల్లో ఆ ఫ్రిజ్ ఉంది. కానీ మా ఊరి కరెంటు సంగతి మీకు తెలుసు, వేసవిలో గంటలు గంటలు పోతుంది. అందుకే టీకా షాపులో నిల్వ ఉంచొద్దు, ఐస్ డబ్బాలో వచ్చి ఐస్ డబ్బాలోనే వెళ్లిపోవాలి. ఈ విషయంలో నేను డాక్టర్ల మాటే వింటాను.

ఇప్పుడు మెడికల్ షాపుల వాళ్లకి ఒక మాట. అన్నలారా, తమ్ముళ్లారా, కోపం తెచ్చుకోకండి. గోడకి సర్టిఫికెట్ ఒకరిది వేలాడుతుంది, కౌంటరులో ఇంకొకరు ఉంటారు. ఇలాంటి షాపులున్నాయని మీకూ తెలుసు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప ఇంకొకరు మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టమే చెప్తోంది. రోగికి మందు గురించి వివరించి చెప్పాలని 2015 నిబంధనల్లో ఉంది. రెండో వేవ్‌లో డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ స్ట్రిప్పులు ఎన్ని వెళ్లాయి? షుగర్ ఉన్నవాళ్లు జ్వరం వచ్చిన రెండో రోజు నుంచే వాటిని మింగారు. ఐవర్‌మెక్టిన్ ఎంత అమ్ముడైంది? అదే ఐవర్‌మెక్టిన్‌ని 2021 సెప్టెంబరులో మార్గదర్శకాల్లోంచి తీసేశారు. అందరూ అలా చేయలేదు, నాకు తెలుసు. కానీ టెస్టూ టీకా మీ దగ్గర పెట్టమని మేం అడగాలంటే, మీరు కూడా అర్హత ఉన్న మనిషిని కౌంటరులో కూర్చోబెట్టాలి. టెస్టు ధర గోడ మీద రాయాలి. పాజిటివ్ వచ్చిన మనిషి పేరు వీధిలో చెప్పకూడదు. ఇది మీరు ఒప్పుకుంటే మా పేటలో ఎవరూ కాదనరు.

భాష గురించి కూడా. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊరి రాజావారి బళ్లో మేష్టరుగా పనిచేశారు. సవరలతో మాట్లాడి వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం బళ్లు పెట్టారు, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడారు. ఆ ఊళ్లో ఉంటూ, "మీకు పాజిటివ్" అన్న కాగితం ఇంగ్లీషులో చేతికిచ్చి పంపించడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. షాపులో ఇచ్చే చీటీ ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఏం తినాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. సవర వాళ్లకి చెప్పడానికి సంత రోజున వాళ్ల భాష వచ్చిన ఆశా దీదీ ఒకరు షాపు దగ్గర ఉంటే చాలు. అటు పాతపట్నం నుంచి వచ్చినవాళ్లని మీది ఏ రాష్ట్రమని అడగొద్దు. కోవిన్ కూడా అడగలేదు, ఎక్కడివాళ్లు ఎక్కడైనా వేయించుకోనిచ్చింది.

2023 మే 5న కరోనా ఎమర్జెన్సీ అయిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2025 మే, జూన్ నెలల్లో దేశంలో మళ్లీ కేసులు పెరుగుతున్నాయని టీవీలో వచ్చింది. ఆ వారం మెడికల్ షాపుకి వచ్చి టెస్టు కిట్ ఉందా అని అడిగినవాళ్లని నేను గోడ ఇవతల నుంచి విన్నాను. కిట్ లేదు. ఒకావిడ మూడేళ్ల కిందటి బూస్టర్ ఇంకా పనిచేస్తుందా, మళ్లీ వేయించుకోవాలా, ఎక్కడ వేస్తారు అని అడిగింది. ఫార్మసిస్టుకి ఏం చెప్పాలో ఏ కాగితమూ రాలేదు. "ఆస్పత్రిలో అడగండమ్మా" అన్నాడు. ఆవిడ పారాసిటమాల్ కొనుక్కుని వెళ్లిపోయింది.

కాబట్టి జిల్లాలో ముందు ఒక నాలుగు చోట్ల మొదలుపెట్టి చూడండి. పర్లాకిమిడిలో ఒకటి, కాశీనగర్‌లో ఒకటి, కొండ మీద గుమ్మలో ఒకటి, మోహనలో ఒకటి. కిట్లు మీరు సరఫరా చేయండి, లేదా ధర మీరే కట్టండి. వాడిన పుల్లలు, కార్డులు ఆస్పత్రి చెత్త బండిలో వెళ్లే ఏర్పాటు చేయండి. రిజల్టు పంపడానికి షాపుకి ఒక లాగిన్ ఇవ్వండి. నర్సమ్మ ఆస్పత్రి బయట టీకా వేయడానికి తారీఖులతో సహా ఒక ఆర్డరు ఇవ్వండి. కరోనా టీకా దొరకని రోజుల్లో కూడా ఆ తారీఖుల్ని వదలొద్దు. పెద్దవాళ్లకి ఫ్లూ టీకా ఉంది, మేకు గుచ్చుకున్నవాళ్లకి టీటీ ఉంది. మా పేటలో ఇప్పటికీ టీటీ మందు షాపులో కొని ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటున్నారు. ఆరు నెలలు నడిపి, ఎంతమంది వచ్చారు, ఎన్ని డోసులు వృథా అయ్యాయి, ఏం ఇబ్బందులొచ్చాయి అన్నది చూసి, బాగోలేదంటే ఆపేయండి.

మా రామమందిరం మండపం ఇవ్వడానికి కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు. ఫ్యాను, కుర్చీలు మావి. పేర్లు ఎక్కించడం, ఫారాలు నింపడం, చీటీలు ప్రింటు తీయడం నా పని, దానికి నేను డబ్బు తీసుకోను. నోటుబుక్కు నా డ్రాయర్‌లోనే ఉంది. మీ ఆర్డరు వచ్చిన రోజు సాయంత్రం నుంచే పేర్లు రాయడం మొదలుపెడతాను.

ఇట్లు,
పర్లాకిమిడి జెరాక్స్ కొట్టు నుంచి,
మీ విధేయుడు